పంచదార మీద మంచు

తమ్ముడున్న చోట మంచు ఆగి ఆకాశం తేటపడాలని ప్రార్థన చెయ్యమని అడిగింది నేనే. ఈ గల్ఫ్ దేశంలో సెలవు రోజైన శుక్రవారాలు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో మన తెలుగువాళ్ళం ప్రార్థనకి కూడుకుంటాం. తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, ఈ చలికాలం హిమాలయాల్లో కాపలా. వారాల తరబడి అందరూ వాడికోసం ప్రార్థించారు. నాన్న ట్రంక్ కాల్‌లో, "మంచు ఆగిందటమ్మా, ఎండ కాస్తోందట" అనగానే కూడికలో లేచి దేవుడు మన ప్రార్థన విన్నాడని సాక్ష్యం కూడా చెప్పాను.

ఆ తర్వాత ఊరినుంచి వచ్చినవాళ్ళు వాడి క్యాసెట్ తెచ్చిచ్చారు. రాయడానికి వాడికి బద్ధకం, మాట్లాడి పంపుతాడు. మా పాపని ఒళ్ళో వేసుకుని టేప్ పెట్టాను.

"అక్కా, మంచంటే ఒకటే ముద్ద కాదు, పొరలు పొరలు. మొదట పల్చగా కురిసి ఆగిపోయి, ఆకాశం తేటగా ఉండి, రాత్రిళ్ళు ఎముకలు కొరికే చలేసిందనుకో, ఆ అడుగు పొర పంచదార పలుకుల్లా అయిపోతుంది. ఒకదాన్నొకటి పట్టుకోదు. తర్వాత కురిసింది దానిమీద గట్టిగా పేరుకుంటుంది. పైకి ఏమీ తెలీదు. నెలలు గడిచినా లోపల ఆ పంచదార ఉండొచ్చు. పెద్ద మంచు పడినా, మేం నడిచినా, వాలంతా ఒక్కసారే జారుతుంది. పళ్ళెంలో పంచదార పోసి దిబ్బరొట్టె పెట్టి వంచి చూడు, తెలుస్తుంది. ఈసారి మాకు ఆకాశం మరీ తేటగా ఉంది. మా కాపలా పోస్టుకి దారేమో ఆ వాలు మీదనుంచే."

నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం టేప్ ఆపి, పాపని పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళాను.

దిబ్బరొట్టె లేదు. పొద్దున తెచ్చిన ఖుబ్బూస్ రొట్టెలున్నాయి. పళ్ళెంలో పంచదార పరిచాను.

"చీమలు పడతాయే!" అన్నారు డ్యూటీనుంచి అప్పుడే వచ్చిన మావారు.

"మీరుండండి."

పళ్ళెం కాస్త వంచి ఒక రొట్టె పెట్టాను. కదల్లేదు. రెండోదీ కదల్లేదు.

"చూశావా, ఊరికే భయపడతావు," అన్నారు.

ఇంకొకటి పెట్టాను. మూడూ కలిసి సర్రున జారి ఆయన కాళ్ళమీద పడ్డాయి. ఇద్దరం నవ్వలేదు.

ఆ శుక్రవారం పెద్దావిడ అడిగింది: "ఏమ్మా, ఇవాళ కూడా ఆకాశం తేటగా ఉండాలనేనా?"

తేటగా ఉంటే చలికి లోపల పంచదార. కురిస్తే దానిమీద బరువు. ఏమని అడగను?

"వాళ్ళ ఆఫీసరుకి ఆగే బుద్ధినివ్వమనండి," అన్నాను.

"వాతావరణం వదిలేసి ఆఫీసరు మీద పడ్డావా!" అని నవ్వింది ఆవిడ. అయినా కళ్ళు మూసుకుని అలాగే ప్రార్థించింది.

నిన్న రెండో క్యాసెట్ వచ్చింది. పెద్ద మంచు కురిసిందట. ఆఫీసరు ఎవర్నీ కదలనివ్వలేదట. గుడారంలో టీ తాగుతుండగా ఎదురుగా వాలు విరిగి పడిందట. "దారి పోయిందక్కా, మేం ఉన్నాం," అన్నాడు. ఆ మాట దగ్గరే టేప్ వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. అందుకే ఆ తర్వాతి మాట ఇవాళ గానీ వినలేదు.

"పక్క వాలు ఇంకా పడలేదు. ఇక మా దారి దానిమీదే."

అది ఎప్పుడు చెప్పి పంపాడో తెలీదు. పాప నిద్రపోతోంది. ఇక్కడ మేముండే జింజ్‌లో కిటికీ బయట ఆకాశం నిండా చుక్కలు. కర్టెన్ వేసేశాను.