స్టిక్ మీది చిటికెన వేలు

పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో మంచివాడినన్న పేరు మోస్తున్నాను. ఒకడి ప్రాణం కాపాడినవాడినట. ఆ మాట వినబడినప్పుడల్లా తల పక్కకు తిప్పుకుంటాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఆగేవాడినా?

మెదక్‌లో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లను చేగుంట నుంచి, కౌడిపల్లి నుంచి రైతులు ఆటోల్లో వేసుకుని తెస్తారు. రాగి తీగ ఒక్క చుట్టు తప్పినా మోటారు మళ్ళీ కాలుతుంది. పని దగ్గర అంత ఓపిక ఉన్న నాకు మనుషుల దగ్గర మాత్రం రవ్వంత కూడా లేదు. చిన్నప్పటి నుంచీ అంతే. ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది. ఇంట్లోవాళ్ళు అలా అని సరిపెట్టుకునేవాళ్ళు. నేనూ సరిపెట్టుకునేవాడిని.

అప్పట్లో రామాయంపేట రోడ్డులో టైర్ల షాపు పైన ఒక పూల్ పార్లర్ ఉండేది. పచ్చ గుడ్డ పరిచిన టేబుల్ మీద స్టిక్‌తో తెల్ల బాల్‌ను కొట్టి, దాంతో మిగతా బాళ్ళను అంచుల్లోని పాకెట్లలో పడేసే ఆట. యాదగిరి అనే పెద్దమనిషి నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం అయిందంటే మా పదిహేను మందికీ అదే లోకం. నాలుగేళ్ళపాటు అక్కడ నన్ను ఓడించినవాడు లేడు. తర్వాత ఖలీల్ వచ్చాడు.

ఖలీల్ వడ్రంగి. నాకంటే ఆరేళ్ళు చిన్న. చెక్క వంకరగా ఉందో లేదో చూడటానికి వడ్రంగులు ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తారు కదా, అతను పూల్ కూడా అలాగే ఆడేవాడు. పాకెట్ నుంచి బాల్ నడిమధ్యగా గీత గీసినట్టు స్టిక్‌ను ముందు దాని మీదుగా పట్టి చూసేవాడు. ఆ గీత బాల్ వెనక ఎక్కడ బయటికొస్తే తెల్ల బాల్ వచ్చి అక్కడే తగలాలి. సగం బాల్ అంత దూరం విడిచి, స్టిక్ మొనను అక్కడ గుడ్డకు ఆనించి, మొన కదలకుండా వెనక కొసను మెల్లగా తెల్ల బాల్ వైపు తిప్పేవాడు. దారి దొరికేది. ఇక కొట్టడమే. బాల్ ఏ మూలనున్నా పాకెట్‌లో పడేది.

"ఆట ఆడుతున్నవా, దర్వాజ కొలుస్తున్నవా?" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి, ఆ కొలత నాకు నేర్పించాడు కూడా. నా వెనక నిలబడి, నా మోచెయ్యి పట్టుకుని, మూడు ఆదివారాలు నేర్పించాడు. నాకు పట్టుబడలేదు. అక్కడే నాకు విషం ఎక్కింది. అతను గెలిచినందుకు కాదేమో. నేర్పడానికి ఏమాత్రం వెనకాడనందుకేమో. తనకంటే నేను గొప్పవాడినవుతానన్న భయం అతనికి లేనే లేదు. అది నన్ను లోపల్లోపల తినేసింది. అసూయ అంటే ఇదేనని అప్పుడు ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది?

ఆ పార్లర్‌లో యాదగిరి పెట్టిన కట్టుబాట్లు రెండు. గురి చూసుకోవడానికి స్టిక్‌ను టేబుల్ మీద పెట్టుకోవచ్చు గానీ, దాని మీద నుంచి చెయ్యి వదలకూడదు. వదిలితే ఫౌల్. ఆఖరున వేయాల్సిన నల్ల బాల్ దగ్గర ఫౌల్ అయితే ఆటే పోతుంది. రెండోది, గొడవ వస్తే అంతకుముందు ఆటలో ఓడినవాడు చెప్పిందే తీర్పు. వాడు గోడ పక్కన స్టూల్ మీద కూర్చోవాలి. ఓడినవాడికి ఇక ఆటతో పేచీ ఉండదు, నిజం చెబుతాడని యాదగిరి నమ్మకం. ఓడి పది నిమిషాలు కూడా కానివాడి కడుపులో ఏం మరుగుతుందో పాపం ఆయనకు తెలియదు.

ఆ ఆదివారం పోటీ పెట్టుకున్నాం. నేను ఖలీల్ చేతిలో ఓడి స్టూల్ మీద కూర్చున్నాను. ఆఖరి ఆట ఖలీల్‌కూ శ్రీకాంత్‌కూ మధ్య. శ్రీకాంత్ కౌడిపల్లి పిల్లగాడు, భూములున్న ఇల్లు, ముగ్గురు దోస్తులు వెంట లేకుండా ఎక్కడికీ రాడు. ముక్కు మీద కోపం, కానీ మనసులో ఏదీ దాచుకోడు.

నల్ల బాల్ ఒక్కటే మిగిలింది. ఖలీల్ స్టిక్‌ను టేబుల్ మీద ఆనించి, గడ్డం గుడ్డకు తగిలేంత వంగి, ఒక కన్ను మూశాడు. కుడిచెయ్యి స్టిక్ వెనక కొస మీద ఉంది. బాగా వంగడంతో చెయ్యి కాస్త లేచింది. చిటికెన వేలు లేవలేదు. స్టిక్ మీదే ఉంది. రెండు బారల దూరం నుంచి చూశాను. ఆ గోటికి అంటిన పాలిష్ మరక కూడా చూశాను. తర్వాత లేచి కొట్టాడు. నల్ల బాల్ పాకెట్‌లో పడింది.

"వదిలిండు! చెయ్యి వదిలిండు, ఫౌల్!" అని శ్రీకాంత్ అరిచాడు.

"ఏడ వదిలిన? ఏలు కట్టె మీదనే ఉండె," అన్నాడు ఖలీల్.

యాదగిరి నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు. నువ్వు జెప్పిందే ఫైనల్."

"వదిలిండు," అన్నాను.

ఖలీల్ కోప్పడలేదు. "అన్నా, జర మంచిగ యాది జేస్కో. నీ ముంగటనే గద."

"వదిలిండు అంటున్న గద!"

అప్పుడు అర్థమైంది అతనికి. "అబద్ధం. ఓడిపోయినవని అబద్ధమాడుతున్నవ్."

ఆ మాట పూర్తయ్యేలోపే శ్రీకాంత్ అతని చెంప పగలగొట్టాడు. ఖలీల్ వాణ్ణి వెనక్కి నెట్టాడు. అంతే, దోస్తులు ముగ్గురూ మీద పడ్డారు. పిడిగుద్దులు, తన్నులు, బూతులు. ఒకడు జుట్టు పట్టి ఖలీల్ ముఖాన్ని టేబుల్‌కేసి అదిమాడు. మరొకడు మెడ మీద మోచెయ్యి పెట్టి తొక్కాడు. ముక్కు చిట్లి పచ్చ గుడ్డంతా నెత్తురైంది. శ్రీకాంత్ స్టిక్‌తో వీపు మీద ఎడాపెడా బాదుతున్నాడు. యాదగిరి అడ్డం పోతే ఆయన్నీ గోడకేసి కొట్టారు. ఖలీల్ కింద పడిపోకుండా కుడిచేత్తో టేబుల్ చెక్క అంచును పట్టుకున్నాడు.

నేను స్టూల్ దిగాను. చేతిలో నా స్టిక్ ఉంది. దాన్ని తిరగేసి లావు వైపు ముందుకు పెట్టుకున్నాను.

ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది అన్నాను కదా. ఆ రోజు అలా కాదు. ఒక నిండు ఊపిరి సేపు ఆ చేతిని చూశాను. ఆ చేత్తో అతను ఏం చేస్తాడో, ఆ చేత్తో ఎంతమంది బతుకుతున్నారో తెలిసే చూశాను. రెండు చేతులా ఎత్తి, శక్తంతా పెట్టి కొట్టాను. ఎముక చప్పుడు వినబడింది. ఖలీల్ గొంతులోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు. మళ్ళీ కొట్టాను. మొదటిది ఆవేశం అనుకుందాం. రెండోదాన్ని ఏమనాలి? చెయ్యి అప్పటికే వాలిపోయింది. అయినా కొట్టాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది.

ఎవరూ చూడలేదు. ఖలీల్ ముఖం గుడ్డలో కూరుకుని ఉంది, కొట్టేవాళ్ళు కొట్టే పనిలో ఉన్నారు, యాదగిరి గోడ కింద పడి ఉన్నాడు, ఆట చూసేవాళ్ళు మెట్ల దగ్గర తోసుకుంటున్నారు. స్టిక్‌ను టేబుల్ కిందికి తోసేసి, "ఆపుండ్రి, సస్తడు!" అని అరిచాను. శ్రీకాంత్‌ను ఈడ్చి అవతల పడేశాను, ఒక దోస్తు పళ్ళు రాలేట్టు గుద్దాను. ఖలీల్‌ను భుజాన వేసుకుని మెట్లు దిగాను. ఇదంతా మాత్రం అందరూ చూశారు.

బండి మీద దవాఖానకు తీసుకుపోతుంటే ఎడమచేత్తో నా నడుము చుట్టూ పట్టుకున్నాడు. కట్టు కట్టాక, మత్తులో ఉండి, మెల్లగా అన్నాడు. "నువ్వు లేకుంటే సంపుదురన్నా. నిన్ను గంత మాట అంటి. ఏలు లేసిందేమో, నాకే తెల్వకపాయె. నువ్వైతే అబద్ధమాడవు."

చెయ్యి విరగ్గొట్టింది చాలక, తన వేలును తనే నమ్మకుండా చేశాను.

రెండు వేళ్ళు వంగకుండా ఉండిపోయాయి. చెక్క నున్నగా చేసే రందా పట్టలేడు, ఉలి పట్టలేడు. ఇప్పుడు ఒక ప్లైవుడ్ షాపులో కౌంటర్ దగ్గర నిలబడి వేరే వడ్రంగులకు కొలతలు చెబుతాడు. నా షాపు ముందు నుంచి పోతే చాయ్ తాగకుండా పోడు. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడు.

స్టిక్‌తో బాదింది శ్రీకాంతే కాబట్టి చెయ్యి విరగ్గొట్టిందీ వాడేనని అందరూ అనుకున్నారు. వాడు వారం తర్వాత నా దగ్గరికొచ్చాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఈపు మీద కొట్టిన, అది నిజం. చెయ్యి మీద కొట్టినట్టు యాదికొస్తలేదే." నేనేమన్నానో వినండి. "కోపంల ఉంటివి. గప్పుడు ఏడ యాదుంటది?" పాపం, నమ్మాడు. పోయి ఖలీల్ కాళ్ళు పట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ స్టిక్ ముట్టలేదు.

పోయిన నెల మనోహరాబాద్ దగ్గర లారీ గుద్ది శ్రీకాంత్ చనిపోయాడు. ఖలీల్ నన్ను అడిగి మరీ నా బండెక్కి కౌడిపల్లి వచ్చాడు. శవం పక్కన కూర్చుని, ఆ వంగని వేళ్ళ చేతిని వాడి ఛాతీ మీద పెట్టాడు. "మాఫ్ జేసిన, శ్రీకాంత్. పరేషాన్ గాకు, మాఫ్ జేసిన," అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చేయని తప్పుకు వాడు పద్నాలుగేళ్ళు కుమిలిపోయాడు. నాకు అందాల్సిన మాఫీ వాడికి అందింది, అదీ వినడానికి వాడు లేనప్పుడు. తిరిగొస్తూ ఖలీల్ వెనక నుంచి అన్నాడు, ఇయ్యాల మనసు తేలికైందన్నా అని. నేను బండి నడుపుతూ తలూపాను.

అతనికి చెప్పాలా? నన్ను కూడా పోగొట్టుకుంటే అతనికి ఇంకేం మిగులుతుంది, అతని మంచికే చెప్పడం లేదు అని చాలాకాలం అనుకున్నాను. అదీ అబద్ధమే. నన్ను చూడగానే అతని ముఖంలో వచ్చే ఆ వెలుగు పోతుందని నా భయం. పిరికివాడిని. రేపు చెబుతానో లేదో ఈ నిమిషానికి నాకే తెలియదు. మీరు నన్ను క్షమించినా నాకు పనికిరాదు, చెయ్యి విరిగింది మీది కాదు.

కానీ ఎక్కడో ఒకచోట ఈ మాట ఉండాలి. ఖలీల్ చెయ్యి వదల్లేదు. శ్రీకాంత్ ఆ చెయ్యి విరగ్గొట్టలేదు. కొట్టింది నేను, రెండుసార్లు. రాసేశాను. ఊపిరి ఆడుతోంది.