కుట్టబాకు

జమ్మలమడుగులో నాకు మిషను నేర్పిన అక్క ఇప్పుడు పులివెందులలో ఉంటుంది. సొంత అక్క కాదు, అంతకన్నా ఎక్కువ. నేను ప్రొద్దుటూరులో జాకెట్లు కుడతాను. మొన్న శ్రావణంలో ఆమెకు నాలుగు కుట్టి బస్సులో పంపాను. మర్నాడు ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో నాకు వినబడినవి రెండే: ఒకదానికి చెయ్యి బిగువు, ఇంక కుట్టబాకు.

మా వైపు 'బాకు' అంటే వద్దు అని. నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ అదే. పని నేర్పిన మనిషే వద్దంటే ఇంకెవరికి కుట్టాలి? మిషను మీద పాత దుప్పటి కప్పేశాను. ఆమె ఫోను చేస్తే ఎత్తలేదు.

అంతకు నెల ముందే డాక్టరమ్మ నాకు 'కొంచెం డిప్రెషన్' అని చెప్పింది. కొంచెం అంటే ఎంతో నాకు తెలియలేదు. తింటున్నాను, నవ్వుతున్నాను, కూరగాయలు బేరమాడుతున్నాను. మంచి మాట మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నాను. ఎదురింటామె జాకెట్టు బాగా కుదిరిందంటే, ఊరికే అంటోందనుకున్నాను. చెడ్డ మాటైతే పంటి కింద రాయిలా అక్కడే ఉంటుంది. ఇది జబ్బో నా బుద్ధో తేల్చుకోలేక నా మీద నాకే కోపం వచ్చేది.

పది రోజులకు అక్కే బస్సు దిగి ఇంటికి వచ్చింది.

"ఏందే, ఫోను ఎత్తవు? గండి గుడికి పోదామంటే పలకవు. బతికుండావా?"

"నువ్వే గదక్కా కుట్టబాకంటివి."

ఆమె నన్ను ఒక చూపు చూసి, నా ఫోను తీసుకుని ఆ మెసేజే పెట్టి వినిపించింది.

"మూడు జాకెట్లు శానా బాగ కుదిరినాయి. ఒకదానికి చెయ్యి బిగువు, నేను విప్పుకుంటాలే. కండ్లు గుంజుతాండాయంటివే, ఇంక కుట్టబాకు, వారం దినాలు పండుకో. శనివారం గండి స్వామి దగ్గరికి పోదాం, రా."

అదే గొంతు, అదే మెసేజ్. ఇన్ని మాటలు అందులోకి ఎప్పుడు వచ్చాయో నాకు అర్థం కాలేదు. సిగ్గేసి ఆమె ముందే ఏడ్చాను.

"ఏడ్చేదుంటే ఏడ్చు గానీ, రేపు మిషను మీద దుప్పటి తియ్యి," అంది.

సాయంత్రం బస్టాండు దాకా వెళ్లి ఆమెను బస్సెక్కించాను. ఆ బిగువు జాకెట్టే వేసుకుని వచ్చింది. పగలంతా నా ఎదురుగానే ఉంది. ఏ చీర కట్టుకుందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చేతి కింద ఆమె విప్పిన కుట్టు జాడ మాత్రం ఇప్పటికీ కనబడుతోంది.