మొదటి విస్తరి

క్రిస్మస్ రోజున నేను వండే గోంగూర మాంసం కోసం బందరు నుంచి, గుడివాడ నుంచి కార్లు మా ఊరికి బారులు తీరేవి. అంత పేరు నా చేతికి.

బారులు అన్నాను గానీ, వచ్చేది గుడివాడ నుంచి మా బావమరిది పాత కారు ఒక్కటే. అది కూడా సగం దాకా వాళ్లక్క చేసే ద్రాక్షరసం కోసం. లవంగాలు, చక్కెర వేసి జాడీలో ఊరబెట్టి, పండుగనాడే మూత తీస్తుంది మా ఆవిడ.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏసును కనబోయే మరియమ్మకు సత్రంలో చోటు దొరకలేదు కాబట్టి, క్రిస్మస్ నాడు ఇంట్లో గర్భిణి ఎవరున్నా మొదటి విస్తరి ఆమెదే. ఆమె రెండు ముద్దలు తిన్నాకే మిగతావాళ్లం కూర్చోవాలి. పోయినేడు ఆ విస్తరి మా అమ్మాయిది. ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. బందరులో కాపురం, పురిటికని ముందుగానే తీసుకొచ్చేశాం. అది మంచం దిగితే చాలు, నాకు గుండె దడ.

మాంసం మా అత్తగారి ఇత్తడి గుండిగలో వండుతాను. లోపల కళాయి ఎప్పుడో పోయింది. వేసేవాళ్లు ఇప్పుడు మా వైపు రావడం లేదు. అందుకని అందులో పులుపు తగలనివ్వం, చిలుమెక్కి విషమవుతుంది. గోంగూర స్టీలు గిన్నెలో విడిగా ఉడికించి, వడ్డించేటప్పుడు కలుపుకుంటాం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే గనుక ఎవరూ ఎవరికీ చెప్పరు.

చర్చి నుంచి వచ్చేసరికి అమ్మాయి ఆకలి మీద ఉంది. మా ఆవిడ ఆకు వేసి, హడావిడిలో చూసుకోకుండా ముందు దానికి వడ్డించింది. నేను గుండిగలో గరిటె పెట్టి అడుగు నుంచి కలిపాను. గోంగూర అందులోనే ఉంది. అంచు చుట్టూ నూనె పచ్చగా తేలింది. ఆకుకూర పచ్చన కాదది. చిలుము పచ్చన.

"గోంగూర ఇందులో ఎవరు కలిపారు?" అంది మా ఆవిడ.

"నేనేనక్కా, చర్చికెళ్లేముందు. బావకి పని తగ్గుద్ది కదా అని," అన్నాడు బావమరిది.

రెండు మూడు గంటలు పులుపు ఆ ఇత్తడిలో నానింది. అమ్మాయి వైపు తిరిగాను. అప్పటికే తింటోంది. ఉప్పెక్కువైంది, ఆ ముద్ద వదిలెయ్యమ్మా అన్నాను.

"ఉప్పు కాదు నాన్నా. నోట్లో రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టుంది."

మా ఆవిడ విస్తరి లాగేసింది. అమ్మాయి పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుంది. ఏడో నెలలో వాంతులు మామూలేనని ఎవరో అన్నారు. ఎవరూ నమ్మలేదు.

అవనిగడ్డ ఆసుపత్రికి కారు నేనే నడిపానని రాయబోయాను. నడిపింది బావమరిది. వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి. ప్రతి ఊళ్లోనూ చర్చి మైకులో పాటలు. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా అమ్మాయి పొట్ట పట్టుకునేది. బిడ్డ కదులుతోందా అని అడగాలని ఉంది. కదలడం లేదంటుందేమోనని అడగలేదు.

డాక్టరమ్మ ఎంత తిన్నదో అడిగి, పొట్ట మీద మిషను పెట్టింది. కాసేపు గరగర తప్ప ఏమీ లేదు. గోడకు ఆనుకున్నాను. తర్వాత రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు తిరిగినట్టు టపటపా ఒకటే చప్పుడు. అది బిడ్డ గుండెట. అయినా సాయంత్రం దాకా పంపలేదు. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇంటికొచ్చి అందరం పెరుగన్నం, కేకు తిన్నాం. ద్రాక్షరసం జాడీ మూత తీయలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు అరుగు మీద పాకుతోంది. ఆ రోజు కారులో వెనక సీట్లో కూర్చుని, అమ్మాయికి దారి పొడుగునా ధైర్యం చెప్పింది మాత్రం నేనే.

ఇంతవరకూ చదివి, మా ఆవిడ కళ్లజోడు తీసింది.

"ధైర్యం చెప్పింది అమ్మాయే, మీకండీ. మీరు దాని ఒళ్లో తల పెట్టుకుని, అవనిగడ్డ దాకా ఏడుస్తూనే ఉన్నారు."