పిడికిట్లో చెవిరాయి

ఆఫీసులో అందరూ ఆవిడని రాళ్ళమ్మ అనేవాళ్ళు. బండలు కొట్టే మనిషి అనుకునేరు! ఆవిడ పని చేపల చెవిరాళ్ళు చూడటం. చేప తలలో, మెదడుకి కాస్త కింద, లోచెవిలో తెల్లటి చిన్న పలుకులు ఉంటాయి. రాళ్ళలా గట్టిగా ఉంటాయి కనక ఆ పేరు. పైకి అచ్చం ఒకేలా కనిపించే చేపలు కూడా ఆ రాయి ఆకారం దగ్గర దొరికిపోతాయి. రాళ్ళమ్మ వాటిని కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి ఇది ఫలానా చేప అని తేల్చేది. పై అధికారి ఎంత తొందరపెట్టినా, "ఉండండి సార్, రెండోవైపు ఇంకా చూడలేదు" అనేదే తప్ప నోరు జారేది కాదు.

ఇంట్లో ఆవిడని మించిన ఘటం ఇంకొకటి ఉంది. వాళ్ళమ్మ.

ఆ ముసలావిడ పుట్టి పెరిగింది పడవల రేవు పక్కన. తండ్రి వలలో పడే నల్లరెక్క చేప తిని పెరిగిన నోరు. ఇప్పుడు బజార్లో నల్లరెక్క అని అమ్మేదంతా దాని పిన్నికూతురి లాంటి ఇంకో చేప. అదే రంగు, అదే రెక్క. అసలుదాని చెవిరాయి అంచున గోటితో నొక్కినట్టు చిన్న నొక్కు ఉంటుంది, దీని అంచు నున్నగా ఉంటుంది. అసలుది వలలకి చిక్కడం ఎప్పుడో తగ్గిపోయింది.

"పోయేలోపు ఒక్కసారి ఆ చేప తినాలే. మా నాన్న ముల్లు తీసి నోట్లో పెట్టేవాడు," అనేది తల్లి. అన్నప్పుడల్లా కళ్ళు చెమర్చేవి.

దీని మీద తల్లీకూతుళ్ళకి ఒక ఆట ఉండేది. కూతురు చేప తెచ్చి, తల కోసి, రాళ్ళని భూతద్దంతో చూసి పిడికిట్లో దాచుకునేది. ముందు తల్లి రుచి చూసి తీర్పు చెప్పాలి, ఆ తర్వాతే పిడికిలి తెరవాలి. ముసలావిడ ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, పళ్ళెం అవతలికి తోసేసేది.

"ఇది అది కాదే! ఎవత్తె అంటగట్టింది నీకు?"

పిడికిలి తెరిస్తే నున్నటి రాయే. "నీ అద్దాలన్నీ దండగ. నా నాలుక తీసుకెళ్ళి పెట్టుకోండి మీ ఆఫీసులో," అని పైగా ఎగతాళి. ఒళ్ళు మండదూ మరి? కాళ్ళరిగేలా తిరిగి తెస్తే ఇదా మాట! కానీ ఒక్కనాడూ ఆ నాలుక తప్పు చెప్పలేదు. చేపలమ్మే అక్క కూడా నవ్వేది: "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్షగా చూడరమ్మా తల్లీ!"

ఆ ఏడు చలికాలం ముసలావిడకి జ్వరమొచ్చి మంచం పట్టింది. జ్వరం తగ్గినా తిండి ముట్టలేదు. పాలు పట్టినా ఉమ్మేసేది. "ఏది తింటానంటే అది పెట్టండి," అన్నాడు డాక్టరు. తెల్లారగానే రాళ్ళమ్మ రేవుకి పరుగెత్తింది. ఒక పెట్టె అడుగున కాస్త లావుగా ఒక నల్లరెక్క కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

వంటింట్లో తల కోసి, రాయి కడిగి చూసింది. నున్నగా ఉంది. రెండోవైపు తిప్పింది. నున్నగానే ఉంది. కూలబడి ఏడ్చింది. అయినా ఉప్పేసి ఉడికించింది, తిట్టడానికైనా నోరు తెరుస్తుందిలే అని.

వెనక దిండు పెట్టి, ముల్లు తీసి, ముక్క నోట్లో పెట్టింది. ముసలావిడ మెల్లగా నమిలింది. మొహం చిట్లించలేదు. పళ్ళెం తొయ్యలేదు.

"ఇదేనే," అంది. "ఇదే. మా నాన్న పెట్టిందే."

ఒక్కసారి తోసెయ్యమ్మా, ఒక్కసారి తిట్టవే అని కూతురికి లోపల ప్రాణం కొట్టుకుపోయింది.

"రాయి ఏమంటోంది?"

రాళ్ళమ్మ పిడికిలి బిగించింది.

"నువ్వన్నదే అంటోందమ్మా."

ముసలావిడ ఇంకో ముక్క అడిగింది, ఆ తర్వాత ఇంకొకటి. పళ్ళెం ఖాళీ అయ్యాక కూతురి బిగిసిన చేతిమీద చెయ్యి వేసింది.

"మళ్ళీ దొరుకుతుందంటావా?"

"దొరుకుతుందమ్మా," అంది రాళ్ళమ్మ. "ఇక రోజూ దొరుకుతుంది."