సిస్టరమ్మ మెత్తని మనిషి కాదు

మొన్న రక్త పరీక్షకని నారాయణగూడ వెళ్లాను. ల్యాబులో అమ్మాయి దూదిని స్పిరిట్‌లో తడిపి నా మోచేతి లోపల రుద్దింది. చర్మం చల్లబడింది, ఆ ఘాటు ముక్కుకు తగిలింది, అంతే, సిస్టరమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. ఆమె చీర కొంగు నుంచి, సంచి నుంచి, చివరికి ఆమె బైబిలు అట్ట నుంచి కూడా అదే వాసన వచ్చేది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సూది నొప్పి అనుకుని ఆ అమ్మాయి "అయిపోయింది మేడం, అయిపోయింది" అంది. నాకు వచ్చింది ఏడుపొక్కటే కాదు, కోపం కూడా. అంతకు ముందు వారమే మా చర్చిలో ఆమె ఏడాది జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆమె శాంతమూర్తి అన్నారు, సాత్వికురాలన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి అన్నారు. నేను వెనక కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆమెను ఎరగనివాళ్లు ఆ మాటలు నమ్మేస్తారేమోనని ఇది రాస్తున్నాను. సిస్టరమ్మ చాలామందిని చాలా మాటలు అంది. అనాల్సినవాళ్లనే అంది.

ఆమె అసలు పేరు రాహేలమ్మ. ఏళ్ల తరబడి సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చిక్కడపల్లిలో ఒక పాత డాబా పై వాటాలో, రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. రిటైరయ్యాక కూడా భుజం దగ్గర చీరకు గడియారం పిన్నుతో పెట్టుకునేది. నాడి చూడాలన్నా, ప్రసంగం ఎంతసేపు సాగిందో చూడాలన్నా అదే. పాలమూరు నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల కట్టుబడి పనులు చేసే కూలీలకు, కాలిలో మేకు దిగినా, వేలు నలిగినా ఆమె గుమ్మమే దిక్కు. కట్టు కట్టాక "ప్రార్థన చెయ్యాల్నా, వద్దా?" అని అడిగేది. వద్దంటే "మంచిది, ఎల్లుండి కట్టు మార్చనీకి రా" అనేది. చెయ్యమంటే కళ్లు మూసుకుని, "ప్రభువా, నాకొచ్చిన పని నేను చేసిన, మిగిలింది నువ్వు చూస్కో" అనేది. అంతే ప్రార్థన. మా పాస్టరు గారి ప్రార్థనలో అది గొంతు సవరించుకునేంత సేపు కూడా కాదు. కానీ వద్దన్నవాళ్లలో కొందరు రెండోసారి వచ్చినప్పుడు తామే అడిగి చేయించుకునేవారు.

ముషీరాబాద్ నుంచి ఇల్లు మారాలనుకున్నప్పుడు ఆ డాబా కింది వాటా కిరాయికి ఉందని తెలిసింది. చూడటానికి వెళ్లే ముందు అమ్మ నా నుదుట బొట్టుబిళ్ల అతికించింది, తనూ పెట్టుకుంది. అప్పటికే రెండిళ్లలో మేము చర్చికి వెళ్తామని తెలియగానే "మా చుట్టాలొస్తున్నరమ్మా, ఇయ్యం" అన్నారు. ఈసారి ఇల్లు దొరికింది. ఆ ఆదివారం నారాయణగూడ చర్చిలో, బోసి నుదుటితో వెళ్లి ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాను. పక్కకు జరిగి చోటిచ్చిన మనిషి మా పై వాటా ఆవిడే.

"ఏంది పిల్లా, బొట్టు యాడ పడిపోయింది?" అంది, నవ్వకుండా.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఓనర్ ఆంటీకి చెప్పకుండ్రి సిస్టరమ్మా, ఖాళీ చెయ్యమంటది" అని బతిమాలాను.

"నేనెందుకు చెప్త? నీకు నోరు లేదా? బొట్టు పెట్టుకుంటే పాపమని అంటలేను. భయంతోని పెట్టుకున్నవ్, గది అంటున్న. ఇయ్యాల ఇంటి కోసం ప్రభువును దాస్తివి, రేపు ఇంకోదాని కోసం ఇంకేం దాస్తవో."

నెల రోజులు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చివరికి ఒకరోజు పక్క వాటాకు వెళ్లి, బియ్యం ఏరుకుంటున్న ఓనర్ ఆంటీకి చెప్పేశాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "నాకెప్పుడో తెలుసు బిడ్డా. మీ అమ్మ పాటలు గోడవతలికి వినపడ్తయ్. పైన సిస్టరమ్మ వచ్చిన్నాడే చెప్పింది, నేను క్రిస్టియన్ని, ఇష్టముంటే ఇయ్యుండ్రి లేకుంటే లేదని. మీరు గూడ గట్లనే చెప్పొద్దా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయితే ఆ సిగ్గు నాదొక్కదానిదే ఎందుకు కావాలి? తల్లి చేత కూతురి నుదుట భయాన్ని అతికింపజేసిన ఆ రెండిళ్లవాళ్లకు ఎప్పుడైనా సిగ్గేసిందా? నాకు తెలిసి వేయలేదు.

ఆ మరుసటి ఏడు ఆనందరావు అంకుల్ నాకు ఉద్యోగం ఇచ్చాడు. ఆయన మా చర్చి సంఘ పెద్ద, పెద్ద బిల్డరు. అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు కూల్చి, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం హాస్టళ్లు కట్టేవాడు. సైటు ఆఫీసులో కంప్యూటరు పని నాది. కంటిచూపు తగ్గి నాన్న ఆటో నడపడం మానేశాడు, ఇంట్లోకి వచ్చే జీతం నాదొక్కటే. అందుకని ఆయనంటే మా ఇంటిల్లిపాదికీ భక్తి.

పై అంతస్తు స్లాబు వేసే రోజు పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించాడు. లడ్డూలు పంచారు. పాస్టరు గారు వెళ్లాక మేస్త్రీ దగ్గరకొచ్చి, "సార్, ఆ మూలకు కింద పెట్టిన కర్రలు సరిపోవు. ఒక్క పూట ఆగుదాం" అన్నాడు. "ప్రార్థన చేసినం గదయ్యా, దేవుడు చూసుకుంటడు. పని షురూ చెయ్" అన్నాడు ఆనందరావు అంకుల్. ఈ మాట నేను చెవులారా విన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కర్రలకు పెట్టాల్సిన ఖర్చు మిగుల్చుకోవడానికి దేవుణ్ని తెచ్చి ఆ మూల నిలబెట్టాడు ఆయన!

మధ్యాహ్నం కాకముందే ఆ మూల కుంగింది. సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్న కుర్మమ్మ అక్కణ్నుంచి కింద పడింది. కుర్మమ్మది పాలమూరు వైపు ఊరు, నా ఈడుదే. రోజూ పొద్దున ఆఫీసు గుమ్మం దగ్గరకొచ్చి సీసాలో నీళ్లు పట్టుకుంటూ "తిన్నవా అక్కా?" అని పలకరించేది. నేను అంబులెన్సుకు ఫోన్ చేయబోతుంటే అంకుల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగమ్మా, అంబులెన్స్ వస్తే ఎంబడే పోలీసులొస్తరు" అన్నాడు. నేను గోడ చాటుకు పోయి సిస్టరమ్మకు చేశాను. ఆమె ట్రాలీ ఆటో మాట్లాడుకుని అందులోనే వచ్చింది. "ఎవ్వరు లేపకుండ్రి, నడుము కదలొద్దు!" అని అరిచి, ఊడిపడ్డ చెక్కల్లోంచే ఒక దాన్ని కుర్మమ్మ కిందికి జరిపించి, దాని మీదే కట్టించి ఆటోలోకి ఎక్కించింది. తను ఎక్కుతూ, "ఆనందరావు, నువ్వు గూడ ఎక్కు" అంది. ఆయన ఎక్కలేదు.

మరునాడు ఆస్పత్రివాళ్ల కబురుతో కానిస్టేబుల్ వచ్చాడు. అంతకు ముందే అంకుల్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "ఆమె మన దగ్గర పని చెయ్యదు. గేటు ముందల పోతుంటే కాలు జారి పడ్డది. గంతే చెప్పు తల్లీ. లేకుంటే మన చర్చి పేరు పాడైతది. ఆమె ఏమన్న మన సంఘం మనిషా?" నేను అలాగే చెప్పాను. తడబడకుండా చెప్పాను. కుర్మమ్మ భర్త నర్సింలు ఏడుస్తూ నిజం చెప్పినా, చదువుకున్న ఆఫీసు పిల్ల మాటే కాగితం మీదికెక్కింది. ఆ రోజు నేను చేసిన పనికి ఇంతవరకూ నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోవాలని కూడా లేదు.

సిస్టరమ్మ ఆ వారమంతా నన్నేమీ అడగలేదు. శనివారం మాత్రం "నా సంచి పట్టుకొని దవాఖానకు రా" అంది. వెళ్లాను. కుర్మమ్మ వెల్లకిలా, కదలకుండా పడుకుని ఉంది. నన్ను చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అక్కా, నేను ఆడ పని చేసిన గదా?" అని అడిగింది. "పొద్దుగాల మీ ఆఫీసులనే నీళ్లు పట్టుకుంటుంటి గదా? నేను ఆడ పనే చెయ్యలే అంటుండు పోలీసాయన. తలకాయకు దెబ్బ తాకి నాకే మతి పోయిందేమో అనుకుంటున్న."

సంచి అక్కడే పడేసి వరండాలోకి పరుగెత్తాను. సిస్టరమ్మ వెనకే వచ్చింది. ఓదార్చలేదు. పిట్టగోడకు ఆనుకుని నిలబడి, "ఏడ్సుడు అయినంక చెప్పు, ఏం చేస్తవో" అంది.

"ఉద్యోగం పోతది సిస్టరమ్మా."

"అవ్, పోతది" అంది. లేనిపోని ధైర్యం చెప్పడం ఆమెకు చేతకాదు.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు, మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. ఆ ఆదివారం ముందుగా ఆనందరావు అంకుల్ లేచాడు. "అందరికీ ప్రభువు పేరిట వందనాలు. అశోక్‌నగర్‌లో మా బిల్డింగు స్లాబు దేవుడు పూర్తి చేయించిండు. ఒక్కరికి గూడ చిన్న గాయం కాకుండ కాపాడిండు" అన్నాడు. చర్చి మొత్తం ఆమేన్ అంది. మా అమ్మ కూడా అంది. ఏం చూసుకుని ఆ ధైర్యం? కుర్మమ్మ అక్కడ లేదు కాబట్టి. ఎప్పటికీ రాదు కాబట్టి.

సిస్టరమ్మ లేచింది. "అందరికీ వందనాలు. కుర్మమ్మ అని ఒక ఆడిబిడ్డ, నడుము ఇరిగి దవాఖానల పడున్నది. యే బిల్డింగు మీదికెల్లి పడ్డదో ఈ చర్చిల ముగ్గురికి ఎరుక. ఒకదాన్ని నేను. ఒకాయన ఇప్పుడే కూసున్నడు. మూడో మనిషి పేరు నేను చెప్ప." అంతే, కూర్చుంది.

పాస్టరు గారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు. డోలక్ వాయించే అన్న ఆదరాబాదరాగా అందుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. పాట అయిపోవచ్చింది, నేను కూర్చోలేదు, పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. అదీ అయిపోవచ్చింది, మళ్లీ ఎత్తుకున్నారు. ఒక మనిషి నోరు తెరవకుండా దేవుని పాటను అడ్డం పెట్టడం ఆ రోజే చూశాను. అమ్మ నా చున్నీ పట్టుకుని కిందికి లాగుతోంది. మూడోసారి పల్లవికి డోలక్ అన్న చేతులు ఎత్తేశాడు. పాట చల్లారింది. "కుర్మమ్మ మా సైటులనే పడ్డది. నేను పోలీసులకు అబద్ధం చెప్పిన. రేపు పోయి నిజం చెప్త" అన్నాను. 

సోమవారం సిస్టరమ్మను తోడు తీసుకుని స్టేషనుకు వెళ్లి చెప్పాను. ఉద్యోగం పోయింది. కాగితం మీద మాట మారింది. నర్సింలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాక కొంత పరిహారం వచ్చింది. నడుము మాత్రం పూర్తిగా బాగవలేదు, కుర్మమ్మ చేతికర్రతో ఊరికి వెళ్లిపోయింది. మరి మా చర్చి ఏం చేసింది? కమిటీ కూర్చుని, ఆరాధన క్రమం చెడగొట్టినందుకు సిస్టరమ్మనూ నన్నూ ఆరు నెలలు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు దూరం పెట్టింది. అబద్ధమాడినందుకు కాదు, నిజం చెప్పినందుకు! ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం మమ్మల్ని దాటుకుని పక్కవాళ్లకు వెళ్లేది. ఆ పళ్లెం పట్టుకుని తిరిగే పెద్ద ఎవరనుకున్నారు? ఆనందరావు అంకులే. ఇక ఈ చర్చి గడప తొక్కనన్నాను. సిస్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. "ఎందుకు తొక్కవ్? ఇదేమన్న ఆయన కట్టిన హాస్టలా, ఖాళీ చేసి పోనీకి? ప్రభువు ఇల్లు. ఈడనే కూసుంటం. ఎవరు లెవ్వమంటరో చూస్త" అంది.

ఆరు నెలలు గడిచి పళ్లెం మా ముందు ఆగింది. సిస్టరమ్మ రొట్టె ముక్క తీసుకుని, తలెత్తి, "కుర్మమ్మను చూసొచ్చినవా, ఆనందరావు?" అంది. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. ఆయన ముందుకు కదిలిపోయాడు. మరుసటి నెలా అదే ప్రశ్న. ఆ తర్వాత నెలా అదే. కొన్నాళ్లకు ఆయన మా వరుసను ఇంకో పెద్దకు అప్పగించాడు. సిస్టరమ్మ ఊరుకుందా? ఆయన ఏ వైపు పంచుతాడో చూసుకుని, డెబ్బై దాటిన వయసులో సంచి చంకన పెట్టుకుని ఆ వైపుకు వెళ్లి కూర్చునేది. ఒకసారి నాకు నవ్వొచ్చింది. "నవ్వకు. ఆయన నాశనం కావాల్నని అడుగుతలేను" అంది. "ఒక్కసారి పోయి ఆమె ముందల నిలబడితే, బాగుపడేది ఆయనే." అప్పటిదాకా ఆమె ఆయన్ని సాధిస్తోందనే అనుకున్నాను. ఆమె అన్ని నెలలుగా ఆయనకు కట్టు కడుతోందని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నేను విద్యానగర్‌లో ఒక లాయరు గారి దగ్గర పనిచేస్తున్నాను. నా పేరు, నా నమ్మకం ఎవరడిగినా చెప్తాను, బొట్టు పెట్టుకోవాల్సిన అవసరం మళ్లీ రాలేదు. ఏటా ఒకసారి బస్సెక్కి కుర్మమ్మను చూసొస్తాను. సిస్టరమ్మ పోయాక వచ్చిన మొదటి ప్రభు బల్ల ఆదివారం, లేచి ఆనందరావు అంకుల్ పంచే వైపుకు వెళ్లి కూర్చున్నాను. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఆయన ముసలివాడయ్యాడు, పళ్లెం పట్టుకుంటే చేతులు వణుకుతాయి. చూస్తే జాలేస్తుంది. జాలేసినా అడుగుతాను. ఈ నెల పళ్లెం నా ముందు ఆగినప్పుడు, నేను నోరు తెరవకముందే ఆయనే వంగి, "ఇంకెన్నాళ్లమ్మా, సునీతా?" అన్నాడు.

"మీరు పోయి చూసొచ్చేదాక, అంకుల్" అని, రొట్టె తీసుకున్నాను.