అలీ అహ్మద్ అడిగిన రిపోర్టు

మాజీ సైనికుడంటే మనవాళ్లకు ప్రాణం, ఏడాదికి రెండు మూడు పూటల పాటు. జెండా ఎగరేసే రోజున పిలిచి కుర్చీ వేస్తారు, శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు. మిగతా రోజుల్లో ఆ మనిషి ఏటీఎం ముందు స్టూలు మీద కునుకుతుంటాడు, లేదంటే ఎవడో కంట్రాక్టరు వెనకాల సొంత తుపాకీతో నిలబడి ఉంటాడు. అతని మీద కేసు పడిందా, శాలువా కప్పిన చేతులన్నీ జేబుల్లోకి పోతాయి.

ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు తీగ చుట్టే అలీ అహ్మద్‌కు ఆ చేతులంటే ఒళ్లుమంట. ఆయన సైన్యంలో బండ్లు బాగుచేసి హవల్దారుగా రిటైరైనవాడు. తనకు కప్పిన శాలువాలు కొట్లో మోటార్ల మీద దుమ్ము పడకుండా కప్పి ఉంచాడు. చుట్టుపక్కల ఏ మాజీ సైనికుడు కోర్టులో ఇరుక్కున్నా ఇంటిపన్ను రసీదు పట్టుకుని జామీనుకు పోతాడు. ఎవరైనా దీన్ని సేవ అంటే తిడతాడు. "వీళ్లలో సగంమంది లోపల ఉండాల్సినోళ్లే. కానీ ఆ మాట జడ్జి చెప్పాల, శాలువా గాళ్లు కాదు" అంటాడు.

మొన్న వేసవిలో ఆయన కొట్టుకు సారమ్మ వచ్చింది. పెద్దముడియం ఆమెది. ఆమె భర్త దయానందం సైన్యం నుంచి నాయక్‌గా దిగాడు, అంటే అలీ అహ్మద్ కన్నా ఒక మెట్టు కింద. జమ్మలమడుగు కంట్రాక్టరు ఒకాయన దగ్గర కాపలా ఉద్యోగం. ఆ కంట్రాక్టరు చిన్నకొడుకు పెండ్లి పులివెందులలో జరుగుతుండగా దయానందం తుపాకీ పేలింది. డోలు వాయించే మనిషి భుజంలో గుళ్లు దిగాయి. పోలీసులు రాగానే దయానందం అటెన్షన్‌లో నిలబడి "నేనే కాల్చినా సార్" అన్నాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు, జైలుకు పోయాడు.

సారమ్మ మొదట జమ్మలమడుగులో మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు సుబ్బరామయ్య ఇంటికే పోయింది. ఈయన సర్వీసంతా జీతాల ఆఫీసులో ఫ్యాను కింద గడిచింది. మైకు అందితే మాత్రం మంచు కొండల మీద నుంచి ఇప్పుడే దిగినట్టు మాట్లాడతాడు.

"చూడమ్మా, ఇది దేశం కోసం పడిన కేసు కాదు. సంఘానికి మచ్చ" అన్నాడట.

"మీ సంఘం ఫ్లెక్సీ మీద మా ఆయన బొమ్మ ఉండాది గదా సార్?"

"అది తీయించే పనిలోనే ఉన్నాం."

దేశభక్తి ఈ ఒక్క పనిలో మాత్రం ఆలస్యం చేయలేదు.

అలీ అహ్మద్ ఒక వకీలును మాట్లాడి, తాను జామీను ఉండి, దయానందాన్ని బయటికి తెచ్చాడు. ఈలోగా కంట్రాక్టరు కూడా తన వకీలుతో కబురు పెట్టాడు: కోర్టులో ఒప్పేసుకో, చిన్న శిక్షతో పోతుంది, నీ ఇల్లు మేం చూసుకుంటాం. దయానందం సరే అన్నాడు. సారమ్మ ఏడ్చింది. "ఆ పూట తుపాకీ ఈయన చేతిలో లేదంటాండారన్నా, చూసినోళ్లు. అడిగితే నోరు తెరవడు."

అలీ అహ్మద్ అతన్ని కొట్లో నిలబెట్టాడు.

"నువ్వే కాల్చినావా?"

"నా తుపాకీ, నా జవాబుదారీ, ఉస్తాద్."

"నేనడిగింది అది కాదప్పా."

దయానందం తీరే అంత. ఖాకీ కనబడితే ఎస్ సార్, కారు కనబడితే ఎస్ సార్. మనం క్రమశిక్షణ అని పొగిడి పాఠాలు చెప్పేది ఈ రోగానికే. అలీ అహ్మద్ చేతిలో తీగ పక్కన పెట్టి, పెరేడ్ మైదానంలో అరిచినట్టు గట్టిగా అన్నాడు:

"నాయక్ దయానందం. రిపోర్ట్."

దయానందం మడమలు కలిశాయి. గడ్డం లేచింది. మాట దానంతటదే వచ్చింది. ఊరేగింపు మండపం దగ్గరకు రాగానే కంట్రాక్టరు పెద్దకొడుకు తాగి వచ్చి తుపాకీ అడిగాడు. తను ఇవ్వనన్నాడు. కంట్రాక్టరు "ఇయ్యప్పా, పెండ్లి గదా" అన్నాడు. ఇచ్చాడు. పెద్దకొడుకు ఎత్తబోయి పేల్చాడు. తర్వాత కంట్రాక్టరు తన చెవిలో "నువ్వే అని చెప్పు" అన్నాడు. చెప్పాడు.

కొట్టు బయట నిలబడి సారమ్మ అంతా విన్నది.

"ఆయప్ప నీ కర్నలా?" అన్నాడు అలీ అహ్మద్. "వాని కొడుకు పెండ్లి నీకు సరిహద్దా? తుపాకీ ఇచ్చిన తప్పు నీదే, దానికి పడు. కాల్చిన తప్పు యాడ నుంచి తెచ్చుకున్యావు?"

"కోర్టులో ఏం చెప్పమంటావు ఉస్తాద్?"

"నేను చెప్పను. ఇంగ ఒక ఆర్డరు కోసం చూస్తాండావు గదా. థూ."

వాయిదా రోజు పులివెందుల కోర్టులో కంట్రాక్టరు ముందు వరసలోనే కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను, ఇంటికి పోయి భోజనం చేద్దామన్నంత నిశ్చింత. జడ్జి అభియోగం చదివి, నేరం ఒప్పుకుంటావా అని అడిగారు. దయానందం ముందు కంట్రాక్టరును చూశాడు. ఆయన తలూపాడు. తర్వాత వెనక్కి తిరిగి అలీ అహ్మద్‌ను చూశాడు. అలీ అహ్మద్ ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. సారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

దయానందం బోను కర్రను పట్టుకున్నాడు. మడమలు కలపలేదు.

"తుపాకీ ఇంకొకరి చేతికి ఇచ్చింది నేను సార్. అది ఒప్పుకుంటా. కాల్చింది నేను కాదు. కాల్చినాయప్ప నాయన ఈడనే కూచోనుండాడు."

ఆ రోజుతో కాపలా ఉద్యోగం పోయింది. తుపాకీ లైసెన్సు కూడా పోతుంది. కేసు మాత్రం సరైన ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది.

మెట్లు దిగుతూ సారమ్మ అంది, "ఫ్లెక్సీ మీద బొమ్మ తీసేసినారంట అన్నా."

"మంచి పని చేసినారు. ఆ వరసలో ఉండే మనిషి కాదులే" అన్నాడు అలీ అహ్మద్. దయానందం ఆయన వెనకే ఆగి నిలబడ్డాడు, ఎటు పోవాలో చెప్తాడేమోనని. అలీ అహ్మద్ చెప్పలేదు, ప్రొద్దుటూరు బస్సెక్కాడు. కాసేపు చూసి, దయానందం భార్యతో టీ కొట్టు వైపు నడిచాడు.