వరిమళ్లలో దొరికిన జెండా పాట

ఆగస్టు పదిహేనున, ఊరంతా చూస్తుండగా, ఒక పెద్దమనిషి పరువు తీయబోయి నా పరువే తీసుకున్న కథ ఇది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల చివర్లో నిడమనూరు దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు సారుగా చేరాను. రోజూ ప్రార్థనలో మైకు పట్టుకుని జెండా పాట పాడించేది నేనే. పాటా, వరుసా రెండూ సూర్యాపేటలో ఉండే రిటైర్డు మాస్టారు రంగయ్యగారివి. నేను చేరిన మరుసటి ఏడు జెండా పండక్కి ఆయనకు శాలువా కప్పాలని మా హెడ్మాస్టరు నిర్ణయించారు.

సరిగ్గా వారం ముందు, బడి పక్క మడిలో నాట్లేసే ఆడవాళ్లు అదే వరుసలో నారు మీద పాట పాడుతుంటే విన్నాను. ఇంకేముంది, ఒళ్లు ఝల్లుమంది! అంటే ఇది తాతల నాటి నాట్ల పాట. రంగయ్యగారు వరుస ఎత్తుకొచ్చి దేశభక్తి అతికించారన్నమాట!

వెంటనే మిర్యాలగూడ మీదుగా సూర్యాపేట బస్సెక్కాను. ఆయన చేత పాట పాడించుకున్నాను. నాట్ల పాటలో రెండో పాదం చివర కమ్మటి సాగదీత ఒకటుంది. ఆయన పాటలో అది లేదు, ఎత్తుకొచ్చేటప్పుడు దారిలో జారిపోయిందన్నమాట. దొంగ దొరికాడు!

"ముసలాయన మనసు నొచ్చుకుంటదయ్యా, ఇడిసిపెట్టు" అన్నారు హెడ్మాస్టరు.

"సత్యం ముందు శాలువా ఎంత సార్?" అన్నాను. చూశారా నా పొగరు!

ఆ రోజు సభలో రంగయ్యగారి ఎదుటే, ఆయనది సొంత వరుస కాదని పావుగంట ఉపన్యాసం దంచాను. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. నేను తగ్గలేదు. సాక్ష్యానికి నాట్ల ముఠా పెద్ద ముత్తమ్మను వేదిక ఎక్కించాను.

"అవ్వా, ఈ పాట ఎన్ని తరాల సంది పాడుతున్నరు?"

"తరాలా? నిరుడు నేర్సుకున్నం సారూ. పొద్దుగాల మైకుల నువ్వే పాడుతవ్ గద! మాటలు సక్కగ ఇనపడలే, నారు మీద కట్టుకున్నం."

మైకు వదలకుండానే అడిగాను. "మరి... ఆ సాగదీత?"

"నువ్వెట్ల గుంజితే మేం గట్లనే గుంజినం. తప్పా సారూ?"

పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. రంగయ్యగారు నెమ్మదిగా లేచారు. నేను చెంపలేసుకోబోయాను.

"వరుస నాదే. కానీ ఆ గుంజుడు నాది కాదు, ఈ సారుదే. శాలువల సగం ఆయనకియ్యండి" అన్నారు.

ఆ రోజే మైకు డ్రిల్లు సారుకు అప్పగించి, జెండా సాక్షిగా ఒట్టేసుకున్నాను. నేటికీ ప్రార్థనలో పెదవులే కదుపుతాను, గొంతు విప్పను. దేశం కోసం ఆ మాత్రం త్యాగం చేయలేనా!